సాబిరా గుమ్మం ముందు దీపం

నలభయ్యో స్విచ్చు దగ్గర సైకిలు స్తంభానికి ఆనించి, బుడే సాహెబ్ వెదురు కర్రతో మీట పైకి తోశాడు. ట్యూబులైటు రెండుసార్లు మినుకుమని వెలిగింది. ఇరవై ఆరేళ్లుగా కర్ర ఎత్తీ ఎత్తీ ఆయన కుడి భుజం ఎడమదానికంటే రెండంగుళాలు పైకే నిలిచిపోయింది. రేపల్లెలో ఆ వీధులకు సాయంత్రమంటే ఆ కర్ర లేవడమే.

ఈ రోజు ఆఖరి డ్యూటీ. రేపటి నుంచి స్విచ్చులకు టైమర్లు వస్తాయి.

ఇక మిగిలింది సాబిరా ఇంటి ముందుది. మామూలు రోజుల్లో దానితోనే మొదలుపెడతాడు. రంజాన్ నెలలో మాత్రం చివరికి అట్టేపెట్టి, మగ్రిబ్ అజాన్ వినబడగానే వేస్తాడు. డెబ్బై ఏళ్ల సాబిరాకు చెవులు వినబడవు, ఇంట్లో మరో మనిషి లేదు. దీపం వెలిగితే పొద్దు గుంకినట్టు. అప్పుడే ఖర్జూరం కొరికి రోజా ఉపవాసం విడుస్తుంది. ఈ ఏర్పాటు గురించి ఇద్దరూ ఎన్నడూ మాట్లాడుకోలేదు.

ఆ స్తంభానికి మధ్యాహ్నమే సోలారు దీపం బిగించారు. మంచి దీపం, కాదనడానికి లేదు. కరెంటు కోతల్లోనూ వెలుగుతుంది. అయినా ఒకసారి చూసి పోదామని బుడే సాహెబ్ సైకిలు అటు తిప్పాడు.

సముద్రం వైపునుంచి నల్లటి మబ్బు కమ్మింది. అజాన్‌కు ఇంకా ఇరవై నిమిషాలుంది. దీపం అప్పుడే వెలిగిపోయింది. గుమ్మంలో సాబిరా ఖర్జూరం నోటిదాకా ఎత్తింది.

"ఆపా! ఆగు!" అని అక్కను పిలిచినట్టు అరిచాడు, ఆమెకు వినబడదని తెలిసి కూడా. సైకిలు వదిలేసి పరుగెత్తి కర్రతో మెట్టు మీద కొట్టాడు. ఆ అదురు కాళ్లకు తగిలి సాబిరా ఉలిక్కిపడి ఆగింది. మబ్బునీ, చేతి గడియారాన్నీ చూపి అడ్డంగా తలూపాడు. ఖర్జూరం మెల్లగా గిన్నెలోకి దిగింది.

దీపం బిగించిన రమేష్ బాబు ఎదురింటి అరుగు మీద ఏసమ్మ ఇచ్చిన టీ తాగుతున్నాడు.

"దీనికి స్విచ్చు లేదా బాబూ?"

"ఉండదండి బాబాయ్. వెలుతురు తగ్గితే అదే వెలుగుద్ది. మీకు హాయే కదండీ."

"నాకు హాయే. మబ్బుకీ పొద్దుకీ తేడా దానికేం తెలుసు?"

రమేష్ బాబు టీ గ్లాసు పక్కన పెట్టి దీపం కేసి చూశాడు. పాపం, అతని తప్పేమీ లేదు.

అజాన్ వినబడేదాకా బుడే సాహెబ్ కదల్లేదు. వినబడగానే మెట్టు మీద రెండు దెబ్బలు కొట్టాడు. సాబిరా ఖర్జూరం కొరికి, రెండోది ఆయనకిచ్చింది. ఆయన కర్రను గుమ్మం మూలన ఆనించాడు.

"రేపట్నుంచి దీని డ్యూటీ ఇక్కడే ఏసమ్మా," అన్నాడు నవ్వుతూ.

అన్నట్టే రోజూ వచ్చాడు. దీపం ఎప్పుడు వెలిగినా సాబిరా పట్టించుకోవడం మానేసి, కర్ర చప్పుడు కాళ్లకు తెలిసేదాకా ఆగేది.

ఇరవై మూడో రోజా నాడు పొద్దు వాలే వేళ అసర్ నమాజు చదివి, మసీదు అరుగు మీద నడుం వాల్చిన బుడే సాహెబ్ మళ్లీ లేవలేదు.

కబురు ఆ వీధికి వచ్చేసరికి అజాన్ అయిపోయి చాలాసేపయింది. దీపం వెలుగుతూనే ఉంది. దాని కిందే సాబిరా అరచేతిలో ఖర్జూరంతో, వీధి మలుపుకేసి చూస్తూ కూర్చునుంది.

ఏసమ్మ రోడ్డు దాటి వచ్చింది. ఎలా చెప్పాలో తోచలేదు. ఏడుస్తూనే మూలనున్న కర్ర తీసి, మెట్టు మీద రెండు దెబ్బలు కొట్టింది.

సాబిరా కర్రనూ, దాన్ని పట్టుకున్న చేతినీ చూసింది. చాలాసేపటికి ఖర్జూరం నోట్లో పెట్టుకుంది.

ఏసమ్మ కర్రను మళ్లీ ఆ మూలకే ఆనించింది. చెయ్యి పట్టే చోట వెదురు అరిగి నున్నబడి, కొత్త దీపం వెలుగులో మెరుస్తోంది.