ఎదురు మగ్గం లేని చోట

నేను ఒక గోనె మగ్గాన్ని. గోనె సంచుల గుడ్డ నేసే ఇనుప యంత్రాన్ని. పుట్టింది సముద్రాల అవతల ఏదో చలి ఊళ్లో. ఓడెక్కి, తరవాత ఎడ్లబండి ఎక్కి, విజయనగరం దగ్గర ఒక జూట్ మిల్లుకు కాపురానికి వచ్చాను. నన్ను పోతపోసిన కంపెనీవాడు తన పేరు నా పక్కన ఇంతింత అక్షరాలతో వేయించుకున్నాడు. మిల్లులో దాన్ని చదివినవాళ్లు లేరు. తలుపు పక్కన ఉన్నందుకు అందరూ నన్ను తలుపు మగ్గం అనేవారు. ఆ పేరే నాకు నచ్చింది.

మగ్గాల షెడ్డులో మోత ఎలాంటిదంటే, చెవిలో నోరు పెట్టి అరిచినా వినపడదు. అందుకని మావాళ్లు చేతులతో మాట్లాడుకునేవారు. ఏ బడిలోనూ చెప్పని ఆ భాష కొత్తగా చేరినవాడికి కూడా నెల తిరిగేసరికి పట్టుబడేది. ఇవాళ కూర ఏమిటో, ఎవరింట్లో పెళ్లి కుదిరిందో, అన్నీ వేళ్లలోనే. సూపర్‌వైజరు ఎదురుగా ఉండగానే ఆయన్ని తిట్టిపోసి, నవ్వుతూ దణ్ణం పెట్టేవారు. ఆ మర్యాదకు ఆయన మురిసిపోయేవాడు.

నా మీద నేసినవాడు కోరాడ పైడయ్య. నా ఎదురు మగ్గం ఆసిరయ్యది. వాళ్ల కబుర్లన్నీ నా మీదుగానే నడిచేవి. ఆసిరయ్య తన అత్తగారి ఊళ్లో తిన్న ఎండుచేపల పులుసు గురించి చేతులు తిప్పుతూ చెబుతుంటే, నవ్వు ఆపుకోలేక పైడయ్య నన్ను ఆపేసిన రోజులున్నాయి. ఇద్దరికీ మెల్లగా చెవులు పోయాయి. ఆ సంగతి వాళ్లు పెద్దగా పట్టించుకోలేదు. షెడ్డులో చెవులతో పనేముంది?

తరవాత ప్లాస్టిక్ సంచులు వచ్చాయి, మిల్లు గేటుకు తాళం పడింది. చాలాకాలం నాకు గబ్బిలాలే తోడు. చివరికి ఊరి పెద్దలు ఆ స్థలాన్ని పార్కు చేద్దామన్నారు. మగ్గాలన్నీ పాత ఇనుము కింద లారీలెక్కాయి, ఎదురు మగ్గంతో సహా. గుర్తుగా ఒక్కదాన్ని మాత్రం ఉంచారు. నన్నే ఎందుకు ఎంచారంటారా? క్రేనుకు అందేంత దగ్గర్లో ఉన్నది నేనే. నా ముందున్న బోర్డు మీద మాత్రం నేను చాలా అరుదైనదాన్నని రాసి ఉంది.

నన్ను కడిగి, ఎర్రరంగు పూసి, ఉన్నచోటే సిమెంటు దిమ్మె మీద నిలబెట్టి చుట్టూ గొలుసు కట్టారు. ముట్టుకోరాదట. మనిషి చెయ్యి పడకుండా పూట గడవని బతుకు నాది. షెడ్డు ఉన్నంత మేరా ఇప్పుడు పచ్చిక, నడకదారి. ఎదురు మగ్గం చోట కాగితంపూల మొక్కలు. ఇక్కడ ఎంత ప్రశాంతంగా ఉందో అని అందరూ అంటారు. నాకు ఆ ప్రశాంతత భరించడం కష్టంగా ఉంది. ఇంత ఒంటరితనం నేను ఎన్నడూ ఎరగను.

పార్కు తెరిచాక పైడయ్య రావడం మొదలుపెట్టాడు. బాగా ముసలివాడైపోయాడు. నా పక్క బెంచీ మీద కూర్చుని గేటు వైపే చూసేవాడు. ఆసిరయ్య కోసమే. మిల్లు గేటు మళ్లీ తీశారని తెలిస్తే ఎక్కడున్నా రాకుండా ఉంటాడా అని ఆశ. నాకూ అదే ఆశ. వాళ్లిద్దరూ ఒక్కసారి నా మీదుగా మాట్లాడుకుంటే చూడాలనుకున్నాను.

ఒక ఉదయం గేటు పక్క పచ్చికలో కొందరు చేతులెత్తి ఊపుతూ కనిపించారు. పైడయ్యకు చూపు సరిగా ఆనదు. షెడ్డువాళ్లే అనుకున్నాడు. చెప్పులు బెంచీ దగ్గరే వదిలేసి, రెండు చేతులతో కబుర్లు చెబుతూ పడుతూ లేస్తూ వెళ్లాడు. వాళ్లు వ్యాయామం చేస్తున్నారు. ముందు నిలబడ్డ మేడమ్ ఎంతో సంతోషించింది.

"వెరీ గుడ్ తాతగారూ! వెనక వరుసలో నిలబడండి. చేతులు ఇంకా పైకి!"

ఆయనకు వినపడలేదు. ఒక్కొక్కరి చేతులూ దగ్గరికి వెళ్లి చూశాడు. ఏ చెయ్యీ ఏమీ చెప్పలేదు. ఆయన అక్కడే చతికిలబడ్డాడు.

వాచ్‌మన్ కబురు పెడితే కూతురు ముత్యాలు పరుగున వచ్చింది. తండ్రిని లేపి, తెచ్చి నా పక్క బెంచీ మీద కూర్చోబెట్టింది.

"సెవుడు బావూ," అంది వాచ్‌మన్‌తో. "బువ్వ తిన్నావా అని అడగడానికే మా పేణం పోతాది. ఇంకేటి మాటాడగలం?"

అని, తండ్రి చెవి దగ్గర నోరు పెట్టి, ఉన్న బలమంతా పెట్టి అరిచింది.

"ఆసిరయ్య మావ సచ్చిపోనాడు నాయినా! నిరుడే సెప్పినాను కదేటి! ఇంకెవులొస్తారని కూకున్నావు?"

పార్కంతా విన్నది. వ్యాయామం ఆగిపోయింది. పైడయ్య కూతురి నోటివంక చూసి, తిన్నానన్నట్టు తల ఊపాడు. తెలిసిందనుకుని ఆమె కళ్లు తుడుచుకుంది.

మరునాడు ఆయన మళ్లీ వచ్చాడు. వాచ్‌మన్ అటు తిరగగానే గొలుసు దాటి, తన పాత చోట నిలబడ్డాడు. ఎర్రరంగు మీద అరచెయ్యి ఆనించి కాసేపు ఉంచాడు. ఎన్నేళ్లకో ఆ స్పర్శ. తరవాత కాగితంపూల వైపు చూసి, నా వైపు తిరిగి, చేతులెత్తి మెల్లగా అడిగాడు. ఆసిరిగాడు ఇంకా రాలేదేం, నీకేమైనా తెలుసా అని.

ఈ పార్కులో ఆయన కాక ఆ భాష తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. జవాబూ తెలుసు. చెప్పడానికి నాకు చేతులు లేవు.