ఆయ్, కాదండి

గోదావరి జిల్లాల్లో ‘ఆయ్’ అంటే అవునని మాత్రమే అర్థం అనుకునేవాడు ఈ నీళ్లు తాగి పెరిగినవాడు కాదు. ‘ఆయ్’ అంటే అవును. విన్నాను అని కూడా. మీరు పెద్దవారు, మీ మాట కాదనడం బాగోదు అని కూడా. ఒక్కోసారి, మీరేమన్నారో వినపడలేదు గానీ కానివ్వండి అని కూడా. ఇన్ని అర్థాలున్న మాట నోట్లో ఉండగా ‘కాదు’తో ఇక్కడెవరికీ పెద్దగా పని పడదు. రాజమండ్రిలో జగన్నాథరావు గారి ఆసుపత్రిలో ఆ మర్యాదే ఒకరి ప్రాణం మీదికి తెచ్చింది.

అది పుష్కరాలైన ఏడాది. సూర్యకళ ఆ ఆసుపత్రికి హెడ్ సిస్టర్ అయి ఎన్నాళ్లో కాలేదు. దుర్గాశ్రీ అనే కొత్త నర్సు ఇన్సులిన్ సూది పట్టుకుని, ఆడా మగా అందరికీ కలిపి ఉన్న ఒక్క వార్డులోకి వెళ్లి, ఒక మంచం దగ్గర ఆగి, "బుల్లబ్బాయి గారేనాండీ?" అని అడిగింది. మంచం మీదాయన "ఆయ్" అన్నాడు. ఆ పిల్ల సూది పొడిచేసింది. తీరా చూస్తే ఆయన కడియంలో మొక్కలకు అంట్లు కట్టే చిట్టియ్య. షుగరున్న బుల్లబ్బాయిది పక్క మంచం, మొహం కడుక్కోవడానికి వెళ్లాడు. కాసేపటికి చిట్టియ్యకు చెమటలు పట్టాయి, ఒళ్లు వణికింది, కళ్లు తేలేశాడు. గ్లూకోజు ఎక్కించి మనిషిని నిలబెట్టేసరికి అందరికీ తల ప్రాణం తోకకొచ్చింది.

మరి అవునని ఎందుకన్నారని సూర్యకళ తర్వాత అడిగితే చిట్టియ్య సిగ్గుపడిపోయాడు.

"అంత మర్యాదగా అడిగింది కదండీ అమ్మాయి. మొహమ్మీద కాదంటే ఏం బాగుంటదండి?"

మొహమాటానికి పోతే ఏమవుతుందో చెప్పే సామెత ఒకటుంది గానీ, అది హెడ్ సిస్టర్ హోదాలో పైకి అనే సామెత కాదు. సూర్యకళ మింగేసుకుంది.

డాక్టర్ జగన్నాథరావు గారి హస్తవాసి ఎంత మంచిదో నోరు అంత గట్టిది. దుర్గాశ్రీని ఆ పూటే ఇంటికి పంపేయమన్నారు. ఆ పిల్ల తండ్రి రావులపాలెం మార్కెట్లో అరటిగెలలు మోసి మరీ నర్సింగు చదివించాడు. సూర్యకళ అడ్డుపడింది. తప్పు పిల్లది కాదు, ప్రశ్నది అంది. పేరు మనమే అందిస్తే ఈ జిల్లాలో రాముణ్ణి పట్టుకుని రావణుడివా అన్నా ఆయ్ అంటారనీ, వార్డు తనది కాబట్టి ఆ పద్ధతి మార్చే పూచీ తనదేననీ చెప్పింది. డాక్టర్ గారు మెత్తబడ్డారు. అయినా ఒక మాట విసరకుండా ఉండలేకపోయారు.

"సరే. ఇంకోసారి ఒకరి సూది ఇంకొకరి దగ్గరికి వెళ్తే, పట్టుకెళ్లినవాళ్లు ఇంటికే. అది ఎవరైనా సరే."

మర్నాటి నుంచి నర్సులు ‘ఫలానా గారేనా’ అని అడగడం మానేసి, ‘మీ పేరు చెప్పండి’ అనడం మొదలుపెట్టారు. అది తేలికే. రోగుల చేత ‘కాదు’ అనిపించడమే గగనమైపోయింది. సూర్యకళ రోజూ పొద్దున్నే మంచం మంచానికీ వెళ్లి, మేం ఏ మందు తెచ్చినా అది ఎవరికో, ఎందుకో అడగండి, తేడా ఉంటే కాదని చెప్పండి అని బతిమాలేది. అందరూ శ్రద్ధగా విని "ఆయ్" అనేవారు. అర్థమయిందో లేదో చూద్దామని ఒకరోజు మాత్ర పట్టుకుని బుర్రమీసాల అబ్బులు దగ్గరికెళ్లి, "మహాలక్ష్మమ్మ గారూ, ఇది వేసుకోండి" అంది. అబ్బులు బుద్ధిగా నోరు తెరిచాడు. వార్డంతా గొల్లుమంది. ఆ నవ్వుతోనే దారి దొరికింది. రోజూ ఎవరో ఒకరికి సూర్యకళ తప్పు పేరు పెట్టి పిలవడం, వాళ్లు కాదంటే మిగతావాళ్లు చప్పట్లు కొట్టడం. వారం తిరిగేసరికి అబ్బులు కూడా మీసం దువ్వుకుని "కాదండి" అనడం నేర్చాడు.

లొంగనిది తలుపులమ్మ ఒక్కతే. అంతర్వేది పక్క నుంచి కడుపులో రాళ్ల ఆపరేషన్‌కి వచ్చింది. చేపల బేరంలో ఆమె నోటికి ఊళ్లో ఎదురులేదని కూతురే చెప్పేది. ఆసుపత్రి మంచమెక్కాక మాత్రం పిల్లి అయిపోయింది. బేరంలో ఎన్నిసార్లు కాదంటారు, ఇక్కడేమైందని సూర్యకళ నిలదీసింది.

"అక్కడ చేప నాదండి. ఇక్కడ మీరు పేణం పోసేవోళ్లు, మీకు ఎదురు చెప్తానేంటండి?"

"ఆ ప్రాణం మాత్రం ఎవరిదండి?" అంది సూర్యకళ. "చేప కన్నా చవకా?"

తలుపులమ్మ ఆలోచించి "ఆయ్" అంది. సూర్యకళ తల పట్టుకుంది.

తలుపులమ్మకు ఆపరేషన్ రోజు వచ్చింది. పరగడుపున ఉంచారు. జ్వరాల కాలం, వార్డు కిక్కిరిసింది. ఇద్దరు నర్సులు వాళ్లే జ్వరంతో పడుకున్నారు. సూర్యకళ నాలుగు చేతులతో చేస్తున్నట్టు తిరుగుతోంది. రత్నమాణిక్యం గారికి ఇవ్వాల్సిన ఇన్సులిన్ పట్టుకుని పరుగున వచ్చి, తలుపులమ్మ మంచం దగ్గర ఆగి, ఏళ్లనాటి అలవాటు నోట్లోంచి జారిపోగా, "రత్నమాణిక్యం గారేనాండీ?" అనేసింది.

"ఆయ్" అంది తలుపులమ్మ.

సూర్యకళ సూదితో వంగింది. తలుపులమ్మ ఆ చేతిని, తట్టలో చందువా చేప తిరగేస్తున్న బేరగాడి చెయ్యి తోసేసినట్టు తోసేసింది.

"కాదండి. చెయ్యి తియ్యండి. నేను తలుపులమ్మని. ఆవిడ కిటికీ పక్కన."

వార్డంతా చప్పట్లు మోగిపోయాయి. అబ్బులు ఈల కూడా వేశాడు. సూర్యకళ సూదికి మూత పెట్టేసింది. ఖాళీ కడుపున ఉన్న మనిషికి ఇన్సులిన్! దుర్గాశ్రీ దగ్గరికొచ్చి చెవిలో, అందరూ ఇది రోజూ ఆడే ఆటే అనుకుంటున్నారు, అలాగే ఉండనివ్వండి మేడం అంది. పాపం, ఆ పిల్ల కళ్లల్లో నీళ్లు. సూర్యకళకు ఆశ పుట్టకపోలేదు. నోరు మూసుకుంటే ఉద్యోగం నిలుస్తుంది. కానీ రోగులకు నోరు విప్పడం నేర్పిన మనిషి తనే నోరు మూసుకుంటే ఇంక నేర్పిందేమిటి? రత్నమాణిక్యం గారి సూది ఆవిడ పేరు ఆవిడ చేతే చెప్పించి ఇచ్చింది. తర్వాత తలుపులమ్మ దగ్గరికి వెళ్లి, ఇందాకటిది ఆట కాదు, నిజంగానే పొరబడ్డాను అని చెప్పింది.

"తెలుసండి," అంది తలుపులమ్మ. "ఆటకైతే మీ సూది ఒంటిదాకా రాదు."

అక్కణ్ణుంచి సూర్యకళ తిన్నగా డాక్టర్ గారి గదికెళ్లి ఉన్నదున్నట్టు చెప్పింది. మీరన్న మాట ప్రకారం వెళ్లిపోతానంది. జగన్నాథరావు గారు ఇరుకున పడ్డారు. అన్న మాట వెనక్కి తీసుకోవడం ఆయనకు చేతకాదు. లేచి వార్డులోకి నడిచారు. సూర్యకళ, దుర్గాశ్రీ వెనకాల నడిచారు. ఆయన తలుపులమ్మ మంచం ముందు నిలబడ్డారు.

"మీ సిస్టరు గారు తప్పు చేసిందమ్మా. ఇంటికి పంపించేస్తున్నాను. సరేనా?"

"కాదండి," అంది తలుపులమ్మ. ఈసారి ముందు ఆయ్ లేదు.

ఆ ఆసుపత్రి పెట్టిన దగ్గర్నుంచి జగన్నాథరావు గారి మొహమ్మీద ఆ మాట అన్న రోగి లేడు. ఆయన నోరు తెరిచేలోగా పక్క మంచం మహాలక్ష్మమ్మ, ఆ వెనక అబ్బులు కూడా అందుకున్నారు. ఆయనకు ముందు కోపం వచ్చింది, తర్వాత నవ్వొచ్చింది. నవ్వే గెలిచింది. ఇక మీదట ఎవరి వల్ల తప్పు జరిగినా వచ్చి తనతో చెప్పాలనీ, చెప్పినవాళ్లను ఇంటికి పంపే ప్రసక్తి లేదనీ అందరూ వినేలా చెప్పి, ఇదైనా సమ్మతమేనా అని అడిగారు.

"ఆయ్," అంది వార్డంతా.