కర్పూరం గీత

మురళీధరన్ చేసిన పనిని ధనకోటి ఈ జన్మలో క్షమించడు. తిరువళ్లూరు పక్క షెడ్డుకు మురళీధరన్ మేనేజరు. పరమాణు కణాలను మహా వేగంతో తరిమే పెద్ద యంత్రంలో పెట్టే నయోబియం లోహపు గొట్టం తయారైతే, ఆ రోజు తిరుత్తణి గుడిలో ఆడికృత్తిక పండుగ కదా అని, మూత తీసి లోపలికి కర్పూర హారతి చూపించాడు.

ఎనిమిదో తరగతిలో బడి మానేసిన ధనకోటి ఇరవై ఏళ్లుగా అక్కడ గొట్టాల్లోంచి గాలి తోడుతున్నాడు. అతని సంతకం లేనిదే ఏ గొట్టమూ గేటు దాటదు. రెండు రోజులు వేడిచేసి తోడినా, లోపల మిగిలిన వాయువులను వాటి అణువుల బరువును బట్టి గీతలుగా చూపే తెర మీద తొంభై అయిదు దగ్గర ఒక గీత నిక్కి నిలబడింది. అది కర్పూరం.

"సంతకం పెట్టన్నా, లారీ వాకిట్లో ఉండాది," అన్నాడు మురళీధరన్.

"పెట్టను. యంత్రం లోపల అన్నీ గడ్డకట్టే చలి, ఆ చలికి ఈ ఆవిరంతా గోడకు మంచు మాదిరి అంటుకుంటాది. కరెంటు ఎక్కిస్తే నిప్పురవ్వలు లేస్తాయి. మళ్లీ కడగల్ల."

"కడిగితే పది దినాలు. నీ బోనస్ యాడ నుంచి వస్తాది? రేపే గదా కండిగై చేను తాకట్టు విడిపించుకోవల్ల నువ్వు?"

"చేను నాది. పోగొట్టుకుంటే నేను పోగొట్టుకుంటా."

"సామికి చూపించిన హారతి కూడా తప్పేనా అన్నా?"

"సామికి చూపించింటే తప్పు కాదు. నువ్వు గొట్టానికి చూపించినావు."

కాగితం మీద 'తిరిగి కడగాలి' అని రాసి, కింద సంతకం పెట్టాడు ధనకోటి. మరునాడు కే.జీ.కండిగైలో అతని తాకట్టు చేను చేయి మారింది. ఇరవై ఏడు సెంట్లు.