దీపం ముందు చెప్పిన ధర

లోకనాథన్ ఇంట్లో పెద్ద వస్తువు ఏది కొన్నా, కొనడానికి ముందు రోజు సాయంత్రం దాని ధరను దీపం ముందు పైకి చెప్పాలి. చెప్పేది ఇంటికి పెద్దవాళ్ళు. వినేది ఇంటి దేవత రేణుకమ్మ తల్లి. ఒకసారి చెప్పాక దాని మీద ఒక్క రూపాయి కూడా ఎక్కువ పెట్టకూడదు. పెట్టాల్సి వస్తే ఆ వస్తువునే వదులుకోవాలి. తక్కువకు వస్తే మిగిలిన డబ్బు ఇంటికి తిరిగి రాకూడదు, ఆ వస్తువు మీదే ఖర్చయిపోవాలి. ఎప్పుడో తెలుగు నేల నుంచి వలస వచ్చి పుదుచ్చేరిలో నూనె వ్యాపారం పెట్టిన ముత్తాత ఈ కట్టుబాటు చేశాడని చెబుతారు. గానుగ కొన్నప్పుడూ, నటేశన్ నగర్‌లో ఇల్లు కొన్నప్పుడూ, చివరికి ఫ్రిజ్ కొన్నప్పుడు కూడా ఇదే పద్ధతి నడిచింది.

నిన్న సాయంత్రం అతని అక్క కనకం దీపం వెలిగించి, కొంగు భుజం చుట్టూ కప్పుకుని, "అమ్మా, పిల్లకు బండి కొంటా ఉండాము. పదహారు లక్షల ఇరవై వేలు," అని చెప్పింది. ఆ అంకె లోకనాథన్ ఇచ్చిందే.

ఇవాళ అక్కతో, కూతురితో కలిసి జీపుల షోరూంలో గాజు బల్ల ముందు కూర్చున్నాక, ఆ అంకె తప్పని తెలిసింది.

"ఆ ఎర్ర బండి మీద మీరు చూసినవన్నీ విడిగా ప్యాకులు సార్," అంది సేల్స్ అమ్మాయి సుగంధి తమిళంలో. "మీరు చెప్పిన ధరకు బండి వస్తుంది. ముందున్న విన్చ్, అదే తాడు చుట్టి లాగే మోటారు, పెద్ద టైర్లు, వెనక కొక్కెం, లైట్ల వరుస, పైన క్యారియర్, ఈ ఐదూ అడ్వెంచర్ ప్యాక్. దానికి ఇంకో రెండు లక్షల పది వేలు."

"విన్చ్ ఒక్కటే ఇస్తారా?"

"ప్యాకు విడగొట్టరు సార్."

లోకనాథన్ చేతిలోని రంగుల కాగితాన్ని మడిచి, మళ్ళీ విప్పాడు. అతను పబ్లిక్ వర్క్స్ శాఖలో అంచనాల విభాగంలో పనిచేసి రిటైరైనవాడు. అక్కడ తలుపు అని రాస్తే దాని బందులు, గడియ, పిడి, రంగు అన్నీ ఆ తలుపు ధరలోనే ఉంటాయి. బొమ్మలో కనిపించిందంటే ధరలో ఉన్నట్టే. ఆ లెక్కనే పోయిన వారం అద్దాల వెనుక అరుగు మీద నిలబెట్టిన ఎర్ర బండిని చూసి, పక్కన బోర్డు మీద ఉన్న ధరకు రిజిస్ట్రేషనూ ఇన్సూరెన్సూ కలిపి, అక్కకు అంకె చెప్పాడు.

విన్చ్ లేకపోతే ఆ బండితో మీనాకు పనేమీ లేదు. అతని కూతురు మీనా పిళ్ళైచావడిలో సముద్రంలో డైవింగ్ నేర్పుతుంది. ఒకప్పుడు అక్కడి తీరం చదునుగా ఉండేది. సముద్రం కోసుకుపోయాక ఇసుక బాగా వాలుగా దిగిపోయింది. గాలి సిలిండర్లతో నిండిన రబ్బరు పడవను ఆ ఏటవాలు మీద పైకి లాగాలి. ట్రాక్టరు తప్ప ఏ బండి దిగినా చక్రాలు ఆ ఇసుకలో కూరుకుపోతాయి. రోడ్డు అంచున గట్టినేల మీద బండి నిలిపి, విన్చ్ మోటారుకు చుట్టుకునే ఉక్కు తాడును కిందికి వదిలి లాగడం ఒక్కటే దారి. ఇప్పుడు ఏలుమలై ట్రాక్టరు వస్తేనే పడవ కదులుతుంది. అతనేమో తన ఇష్టం వచ్చినప్పుడు వస్తాడు. నీళ్ళు తేటపడే రోజులు మొదలయ్యాయి. నేర్చుకునేవాళ్ళు పేర్లు ఇచ్చి, డబ్బు కట్టి కూర్చున్నారు. ఈ సీజను పోతే మళ్ళీ ఏడాదికి గాని పని లేదు.

ముందు కూతురి వైపు చూడటానికి అతనికి ధైర్యం చాలలేదు. తర్వాత చూశాడు. ఇలాంటి సమయంలో తానైతే ఏం చేసేవాడో అతనికి తెలుసు. మొదట తప్పు ఎవరిదో వెతికేవాడు, అది దొరికితే గాని మనసు కుదుటపడేది కాదు. మీనా కళ్ళు మాత్రం బల్ల మీది తెర మీద ఉన్నాయి. ఆమె ముఖంలో కోపం వచ్చి వెళ్ళిన గుర్తు కూడా లేదు. మంచినీళ్ళ సీసా అతని వైపు జరిపి, "తాగు నైనా," అంది. అంతే.

కనకం తమ్ముడి దగ్గరకు వంగి తెలుగులో గుసగుసలాడింది. తమిళం మాట్లాడే ఈ ఊళ్ళో వాళ్ళ కుటుంబానికి తెలుగు బేరాల భాష. దుకాణంలో నలుగురి ముందూ రహస్యం మాట్లాడుకోవడానికి ఎన్నో ఏళ్ళుగా పనికొచ్చిన భాష.

"రేయ్ లోకా, ఈ పిల్ల ముఖం చూస్తే తగ్గించేటట్టే ఉండాది. నువ్వు లేచి పోతా ఉన్నట్టు నిలబడు."

సుగంధి టైపు చేస్తూనే, తల ఎత్తకుండా తెలుగులో అంది: "ఆయన నిలబడినా కూర్చున్నా రేటు కంపెనీది పెద్దమ్మా. మాదీ తెలుగే. ఇక్కడే సోలై నగర్."

కనకం తొణకలేదు. "మంచిదాయె. ఇంక మనవాళ్ళలో మనం. నూనెకు వచ్చినవాడికి గానుగెద్దును అంటగట్టినట్టు ఉండాది మీ ప్యాకు. దీపం ముందు మాట చెప్పేసినాను. ఒక రూపాయి ఎక్కువైనా మేము లేచి పోవాల్సిందే. ఇది బేరం కాదు, నిజం."

ఆ మాట లోకనాథన్‌కు గుచ్చుకుంది. అక్క తనను నిందించలేదు. దీపం ముందు ఎవరి అంకె చెప్పిందో కూడా పైకి అనలేదు.

మీనా బల్ల మీదకు వంగింది. "ఈ బండిలో అన్నిటికంటే తక్కువ మోడల్ ఏది?"

"అది ఇక్కడ పెట్టము అక్కా. వెనక యార్డులో ఉండాది. పైన గుడ్డ కప్పు, లోపల పాటల డబ్బా కూడా లేదు. దాన్ని ఎవరూ అడగరు."

"చూపించు."

యార్డులో ఆ బండి గోడ పక్కన దుమ్ము కప్పుకుని ఉంది. కిటికీలకు ప్లాస్టిక్ తెరలు. లోపల రేకు, బోల్టులు, బల్లల్లాంటి సీట్లు. అందంగా కనిపించాలన్న కోరికే లేని వస్తువు. మీనా దాని చుట్టూ ఒకసారి తిరిగి, చున్నీ నడుముకు బిగించి, నేల మీద వెల్లకిలా పడుకుని కిందికి జరిగింది. బయటికి రెండు పాదాలే కనిపిస్తున్నాయి.

"ఇంజను అదేనా?" లోపలి నుంచి ఆమె గొంతు వినిపించింది.

"అదే అక్కా. గేర్లూ అవే. దీంట్లోనూ నాలుగు చక్రాలూ లాగుతాయి."

"విన్చ్ బిగించే చట్రం దీనికీ ఉండాది."

"చట్రం అన్నిటికీ ఒకటే. కానీ దీనికి ప్యాకు లేదు."

కనకం ముఖం వాడింది.

"ప్యాకు లేదంటే," అంది మీనా, "విడగొట్టడానికి ఏమీ లేదు. అట్లయితే విన్చ్ విడిగా అమ్ముతారా?"

సుగంధి ఫోను తీసి ఎవరితోనో మాట్లాడింది. "ఇస్తారంట అక్కా. ఏ వస్తువైనా విడివిడిగా. ఊరికే అబద్ధం చెప్పడం లేదు, నేను ఇంతవరకు ఎవరికీ ఇట్ల రాయలేదు. ఈ మోడల్ కొనేవాళ్ళు ఏదీ అడగరు. అడిగేవాళ్ళు దీన్ని కొనరు."

మీనా బయటికి వచ్చింది. జడ నిండా దుమ్ము. "నైనా, రాసుకో," అంది.

లోకనాథన్ జేబులోంచి పెన్ను తీశాడు. ఆ తర్వాత జరిగింది అతను చాలా రోజులు తలుచుకున్నాడు. మీనా బండి వైపు చూడలేదు. కళ్ళు మూసుకుంది. రేపటి ఉదయంలోకి నడిచి వెళ్తున్నట్టు మాట్లాడింది.

"బండి రోడ్డు అంచున ఆపుతాను. తాడు కిందికి పోవాల. అది విన్చ్. పడవ పైకి వచ్చినాక ట్రాలీ తగిలించాల. అది కొక్కెం. పక్క రోడ్డు సగం ఇసుకే. టైర్లు కావాల. పొద్దు పొడిచినాకే పని, లైట్లు ఎందుకు? సిలిండర్లు లోపలే పెడతాను, క్యారియర్ వద్దు. తడి బట్టలతో ఎక్కుతాము, మెత్తని సీట్లు ఉంటే కుళ్ళిపోతాయి. ఇవే మేలు."

అతను రాస్తూ పోయాడు. ఇన్నేళ్ళూ అంచనాలు వేసింది వస్తువు దగ్గర మొదలుపెట్టే. ఉన్నదాన్ని కొలిచి, ధర కట్టి, కింద మొత్తం వేసేవాడు. ఈ పిల్ల పని దగ్గర మొదలుపెట్టింది. పనిలో చోటు లేని వస్తువు ఆమె మనసులోకి రావడమే లేదు. కోరికను అణచుకుంటున్న మనిషి ముఖం ఎలా ఉంటుందో అతనికి తెలుసు, రోజూ అద్దంలో చూసేదే. ఈ ముఖం అది కాదు. తనకేం కావాలో తెలిసిన మనిషికి అణచుకోవలసిన అవసరం ఉండదని, అరవై దాటాక, ఒక యార్డులో నిలబడి తెలుసుకున్నాడు.

దానితోపాటు ఇంకొకటి కూడా తెలిసింది. పోయిన వారం మీనాతో వచ్చినప్పుడు అతను ఆ ఎర్ర బండి లోపల కూర్చున్నాడు. పైన గాజు కప్పు. సీటు అతని వీపును పేరు పెట్టి పిలిచినట్టు ఆదుకుంది. గడియ మేకు ఎవరి ఖాతాలోదని కాంట్రాక్టర్లను అడిగిన మనిషి, ఆ రోజు ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అడిగితే ధర పెరుగుతుందని లోపల ఎక్కడో తెలుసు. తెలియనట్టు ఉంటే ఆ సీటు తనది అవుతుంది. అతను పొరపాటున అడగకపోవడం కాదు, అడగకుండా ఉండటానికే అక్కడ అంతసేపు కూర్చున్నాడు.

"అక్కా," అన్నాడు, "నేను అడగాల్సింది. కావాలనే అడగలేదు."

కనకం అతని వైపు చూడనైనా లేదు. "అంకె చెప్పు ముందు."

చెప్పాడు. గుడ్డ కప్పు బండి, విన్చ్, కొక్కెం, టైర్లు, బిగింపు కూలి. అన్నీ కలిపినా దీపం ముందు చెప్పిన ధరకు ఇంకా అరవై వేల పైచిలుకు తక్కువే ఉంది.

"మిగిలింది బండి మీదే పెట్టాల," అంది కనకం సుగంధితో. "మా ఇంట్లో అట్ల. ఇంకేం పెట్టచ్చు, నువ్వే చెప్పు. కంపెనీ పిల్ల మాదిరి కాకుండా, సోలై నగర్ పిల్ల మాదిరి."

సుగంధి మొదటిసారి నవ్వింది. "అడుగున పూత పెద్దమ్మా. ఉప్పు గాలికి మా అన్న బైకు అడుగంతా జల్లెడైపోయింది. మంచి పూత, రెండు సార్లు వేయించండి. లోపల నేల మీద రబ్బరు చాప వేయించండి, నీళ్ళు కారిపోయేటట్టు. దాంతో దాదాపు సరి."

మీనా తల ఊపింది. "అది నాకు తట్టలేదు," అంది సుగంధితో, ఏ మొహమాటమూ లేకుండా. తనకు తట్టనిది ఒప్పుకోవడానికి కూడా ఈమెకు ఏ ప్రయాసా లేదని లోకనాథన్ గమనించాడు.

రాసి కూడాడు. ఇంకా కొద్దిగా మిగిలింది.

"ఆ మిగిలిందానితో మా తమ్ముడికి ఒక దిండు," అంది కనకం. "ఎర్ర బండిలో ఎక్కి అరగంట దిగలేదంట. మీనా అప్పుడే చెప్పింది నాకు."

లోకనాథన్ కూతురి వైపు చూశాడు.

"నువ్వు ఏదైనా ఆశపడటం నేను యాడ చూసినాను నైనా," అంది మీనా. "బాగుండింది, చెప్పినాను."

అతను తల వంచుకుని కింద మొత్తం వేశాడు. పదహారు లక్షల ఇరవై వేలు.

బండి వచ్చిన వారానికి పిళ్ళైచావడిలో రోడ్డు అంచున నిలబెట్టారు. చక్రాల గాడుల్లో పూజనాటి నిమ్మకాయ తొక్కలు ఇంకా ఇరుక్కునే ఉన్నాయి. ట్రాక్టరు ఏలుమలై వేపపుల్ల నములుతూ వచ్చి, చుట్టూ చూసి, "ఏం సార్, పైకప్పుకు డబ్బు చాలలేదా?" అన్నాడు తమిళంలో.

"చాలింది," అన్నాడు లోకనాథన్. "వద్దనుకున్నాము."

మీనా తాడు కొస పట్టుకుని ఏటవాలు దిగింది. అలల అంచున పడవకు తాడు కొసన ఉన్న కొక్కెం తగిలించి, కింది నుంచి చెయ్యెత్తింది. "నైనా, బ్రేకు మీది కాలు తీయద్దు."

అతను రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుని, బ్రేకు గట్టిగా తొక్కాడు. మీనా చేతిలోని విన్చ్ రిమోట్ మీట నొక్కింది. ఇసుకలో పడుకున్న తాడు మెల్లగా లేచి, బిగుసుకుని, దాని మీది ఇసుకంతా రాలిపోయింది. బండి మొత్తం ఒకసారి ముందుకు వంగి ఆగింది. కింద పడవ కదిలింది. ఏలుమలై వేపపుల్ల నోట్లోంచి తీసి చేతిలో పట్టుకున్నాడు.

మోటారు లాగుతున్న బరువు రేకు గుండా, సీటు గుండా సన్నని వణుకుగా పైకి వస్తోంది. దిండు అడ్డం వచ్చి అది సరిగా తెలియడం లేదు. లోకనాథన్ బ్రేకు మీది కాలు కదలకుండా, కొంచెం పక్కకు ఒరిగి, దిండు లాగి వెనక సీట్లో వేశాడు. ఇప్పుడు పడవ ఎంత పైకి వచ్చిందో చూడకుండానే తెలుస్తోంది.