కొంగుకు వీపు పెట్టిన హంసలు

నేతగాడు మార్కండేయ పెళ్లికొస్తున్నాడంటే గద్వాల ఆడవాళ్లు కుచ్చిళ్లు సర్దుకునేవాళ్లు. పెళ్లికూతురి మొహం కంటే ముందు ఆయనకు చీర అంచు కనబడేది. అతుకులో ఒక్క పోగు వదులైనా అక్షింతలు వేస్తూనే చెప్పేసేవాడు. ఇంట్లోనూ అంతే. కూరలో ఉప్పు తగ్గితే వండినవాళ్లది తప్పు, తను తట్టుకుని పడితే గడపది తప్పు. డెబ్భై ఏళ్లొచ్చినా తన తప్పు ఒక్కటీ ఒప్పుకోని మహానుభావుడని చిన్నకూతురు రోజా ఆయన ముందే అనేది. పెద్దకూతురు నవనీత మాత్రం ఎప్పుడూ వెనకేసుకొచ్చేది. ఆమెకు నాయినంటే ప్రాణం.

ఇంటి పైకప్పు మార్పించాలని అక్కచెల్లెళ్లు అటక ఖాళీ చేస్తుంటే మగ్గానికెక్కించి అంచు బొమ్మలు నేసే పాత జకార్డు అట్టల కింద ఒక మూట దొరికింది. విప్పితే పసుపు నూలు చీర, ఎర్ర పట్టు అంచు, కొంగు మీద నేసిన జములమ్మ అమ్మవారి పేరు.

ఆ చీర సంగతి తెలియనివాళ్లు నేతగాళ్ల వీధిలో లేరు. ముప్పై ఏళ్ల కింద, రేపు జాతరనగా, అమ్మవారి చీరను ఎవరో మగ్గం మీంచి కోసుకుపోయారు. మార్కండేయ నేస్తుంటే పక్కన కూర్చుని ఎడమ అంచు పోగు నడిపే నాడె అందించింది ఆయన చెల్లెలు తిమ్మమ్మ. మగ్గం గది తాళం ఆమె దగ్గరే ఉండేది కాబట్టి దొంగ ఆమేనన్నారు. తిమ్మమ్మ గోపాల్‌పేట వెళ్లి కూలిపనులు చేసుకుని బతికింది. మళ్లీ ఈ గడప తొక్కలేదు. అత్త పేరెత్తితే పిల్లలకు చీవాట్లు పడేవి.

"అత్త దొంగిలిస్తే మనింట్ల ఎందుకుంటదక్కా?" అంది రోజా.

చీర బారుగా పరిచి, ఫక్కున నవ్వింది. ఎడమ అంచులో హంసలు బుద్ధిగా కొంగు వైపు నడుస్తున్నాయి. కుడి అంచులోవి అలిగినట్టు కొంగుకు వీపు పెట్టి పోతున్నాయి. అట్టలు తిరగేసి ఎక్కిస్తేనే అలా వస్తుంది. ఆ ఇంట్లో అట్టలెక్కించే చెయ్యి ఒక్కటే ఉండేది. అది తట్టగానే రోజా నవ్వు ఆగిపోయింది.

మార్కండేయ వసారాలో చాయ్ తాగుతున్నాడు. చీరను చూడగానే అలవాటు కొద్దీ అంచు తడిమి, గ్లాసు కింద పెట్టేశాడు. మెల్లగా అంతా చెప్పాడు. నేసేటప్పుడు చీర మంచివైపు కిందికుంటుంది, నేసిందంతా చుట్టుకుపోతుంది. హంసలు తేడాగా ఉన్నాయని తిమ్మమ్మ అననే అంది, నీకేం తెలుసని ఆయనే కసిరాడు. కోసి పరిచాక గానీ చూసుకోలేదు. పరువు పోతుందని దాచేసి, ఎవరో ఎత్తుకుపోయారన్నాడు. జనం చెల్లెలి పేరు చెబుతారని అనుకోలేదు. వాళ్లు అలా అన్నాక కూడా నిజం బయటపెట్టలేదు.

"ఆమెను దొంగ అంటుంటే ఎట్ల ఊకున్నవ్ నాయినా?" అంది నవనీత. ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి ఆమెకు. ఊరంతా నాయిన మీద నవ్వుతుందని భయంగానే ఉంది. కానీ ఇప్పుడు తనూ నోరు మూసుకుంటే అత్త దొంగగానే చచ్చిపోతుంది. లేచి ఆయన చెప్పులు తెచ్చి ముందు పెట్టింది.

గోపాల్‌పేటలో తిమ్మమ్మ వాకిట్లో పల్లికాయ ఒలుస్తోంది. మార్కండేయ చీర చాపాడు. ఆమె కుడి అంచు వేలితో తడిమి చూసింది.

"తప్పు నాదే చెల్లె," అన్నాడు.

"నేను దొంగను గానని నాకెరికనే. గీడ నాకు చెప్పుడెందుకు? దొంగన్నది గద్వాలల. గాడ చెప్పు."

ఆ సాయంత్రమే తిమ్మమ్మను వెంటబెట్టుకుని గద్వాల వచ్చారు. నేతగాళ్ల సంఘం అరుగు మీద మార్కండేయ తన చేతుల్తోనే చీర పరిచాడు. వీధి వీధంతా వంగి అంచు చూసింది. ఎవరో కిసుక్కుమన్నారు. తల దించుకుని, అట్టలు తిరగేసింది తనేనని, చీర దాచింది తనేనని, తన చెల్లెలు దొంగ కాదని గొంతులోనే అన్నాడు.

అత్త ఇక భోరుమంటుందని, పట్టుకోవాలని నవనీత దగ్గరికి జరిగింది. తిమ్మమ్మ కొంగు సర్దుకుని నిలబడింది.

"ఎనకున్నోళ్లకు ఇనవడలే అన్నా. ఇంకోపారి చెప్పు."

మార్కండేయ తలెత్తి, ఈసారి అందరికీ వినబడేలా చెప్పాడు.