చన్నీళ్ళతోనే కడగాలి

మా ఆయన గురక హోసూరు రోడ్డు మీద పోయే లారీలవాళ్ళకు కూడా వినిపిస్తుందని వీధిలో ఎగతాళి చేసేవాళ్ళు. నవ్వేవాళ్ళకేం, ఎంతైనా నవ్వుతారు. నా భయం గురక గురించి కాదు, అది ఆగిపోవడం గురించి. ఇల్లు అదిరిపోయేలా గురక పెడుతున్న మనిషి ఉన్నట్టుండి చప్పుడు లేకుండా అయిపోతాడు. ఛాతీ కదలదు. భుజం పట్టి కుదిపితే నీళ్ళలో మునిగి తేలినవాడిలా గబుక్కున ఊపిరి పీల్చి మళ్ళీ మొదలుపెడతాడు. తెల్లారి అడిగితే ఆయనకేమీ గుర్తుండదు. నాకు మాత్రం నిద్ర కరువైపోయింది.

ఆయన పేరు మోహన్‌కుమార్. బొమ్మనహళ్ళిలో ఒక గార్మెంట్స్ ఫ్యాక్టరీలో కటింగ్ మాస్టర్. ఎత్తుగా పేర్చిన బట్టను నిలువు కత్తి మిషనుతో కోయడం పని. ఆ కత్తి ముందు నిలబడి తూగుతున్నాడని తోటివాళ్ళు చెప్పారు. ఒకసారి చేతికి ఇనుప గ్లవుజు లేకపోయుంటే వేళ్ళు బట్టతో పాటే పోయేవి.

మా అత్త నంజమ్మకు ఇదంతా నా చాదస్తం.

"ఒళ్ళొంచి కష్టపడే మొగోడు గుర్రు పెట్టకుండా ఉంటాడా మే? మీ మామ ఇంతకు రెండింతలు పెడతా ఉండె. ఏమాయె? ఆసుపత్రి మొగం చూడకుండా, నిద్దర్లోనే పుణ్యాత్ముని మాదిరి పోయె," అనేది. ఆ మాట అన్నప్పుడల్లా ఆమె మొహంలో కాస్త గర్వం కూడా కనిపించేది.

2004లో నేనే పోరుపెట్టి ఆయన్ని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. ఒంటినిండా తీగలు అతికించి ఒక రాత్రి పడుకోబెట్టి చూశారు. నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగుతోందన్నారు. ముక్కుకు మాస్కు తగిలించి గాలి ఊదే మిషను ఇచ్చారు. ఆయన దాన్ని పీకి పక్కన పడేసేవాడు. పైగా మా వీధిలో కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో దేవుడికే తెలియాలి. చివరికి పెద్దాసుపత్రి డాక్టరు పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళమన్నాడు. ఊపిరి ఆగితే పళ్ళ డాక్టరేం చేస్తుందని ఆటోలో దారంతా సణిగాను.

ఆమె పేరు కాత్యాయని, గుంటూరు వైపు మనిషి. నోట్లో మెత్తటి ముద్ద పెట్టి పళ్ళ అచ్చులు తీసుకుంది.

"నిద్రలో కింది దవడ వెనక్కి జారుతుందండీ. దాంతోపాటు నాలుక కూడా వెనక్కెళ్ళి గొంతుకి అడ్డం పడుతుంది. నేనిచ్చే క్లిప్ పైపళ్ళకీ కిందిపళ్ళకీ తగిలించుకుంటే దవడని కొంచెం ముందుకి పట్టుకుంటుంది, అంతే. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి, చన్నీళ్ళతోనే కడగాలి. వేడి తగిలితే షేప్ పోతుంది" అంది.

మొదట్లో దవడ నొప్పి అని మూలిగాడు. ఆమె పిలిపించి సరిచేసింది. ఆ తర్వాత ఒకరోజు నేను కళ్ళు తెరిచేసరికి ఎండ కిటికీ దాటి లోపలికి వచ్చేసింది. ఆయన పక్కనే మెల్లగా, సమంగా ఊపిరి తీస్తూ పడుకుని ఉన్నాడు. పెళ్ళైన ఇన్నేళ్ళలో నేనలా ఒళ్ళు తెలియకుండా నిద్రపోవడం అదే మొదలు. ఏడుపొచ్చింది.

నా సంతోషం సరే, మా అత్తకు కొత్త బాధ పట్టుకుంది. నోట్లోంచి తీసిన క్లిప్పును కడిగి, స్టీలు డబ్బాలో వేసి, వంటింటి అరలో కంచాల పక్కన పెట్టేదాన్ని. మాదేమన్నా బంగళానా, ఇంకెక్కడ పెట్టను? ఎంగిలి గ్లాసు తెలియక బిందెలో ముంచితే బిందెడు నీళ్ళూ పారబోయించే మనిషి ఆవిడ. అలాంటిది రాత్రంతా నోట్లో నానిన వస్తువు కంచాల పక్కన! "ఎంగిలి మే అది, ఎంగిలి!" అని రోజూ గోల.

ఒక పొద్దున నీళ్ళ ట్యాంకరు వచ్చిందని బిందెలు తీసుకుని కిందికి పరిగెత్తాను. తిరిగొచ్చేసరికి పొయ్యి పక్కన గిన్నెలోంచి ఆవిరి లేస్తోంది. లోపల క్లిప్పు మెలికపడి ఉంది. మరిగిన నీళ్ళు పోసి ఎంగిలి పోగొట్టిందట మహాతల్లి.

"అత్తా! ఎంత పని చేస్తివి!"

"ఊరికే సుమ్నే అరుస్తావేమే? శుద్ధం చేస్తిని. నువ్వు చన్నీళ్ళు చిలకరిస్తే ఎంగిలి పోతాదా?"

నోటికొచ్చినట్టు తిట్టేదాన్నే. కానీ ముందు క్లిప్పును గిన్నెలోంచి తీసి చన్నీళ్ళలో వేశాను.

సాయంత్రం ముగ్గురం కాత్యాయని దగ్గరికి వెళ్ళాం. వేడినీళ్ళకు తాళని వస్తువు ఇదేం వస్తువో తనే అడుగుతానని అత్త కూడా బయల్దేరింది. క్లిప్పు ఆయన పళ్ళకు ఎటు పెట్టినా కూచోలేదు. మళ్ళీ అచ్చులు తీసి, కొత్తది రావడానికి రెండు వారాలైనా పడుతుందని, అప్పటిదాకా ఒక పక్కకు తిరిగి పడుకోవాలని, కత్తి మిషను ముట్టుకోకూడదని కాత్యాయని చెప్పింది.

అత్త ఊరుకోలేదు. "ఏమమ్మా డాక్టరమ్మా, గుర్రు పెడితే పెట్టనీ. మేము ఓర్చుకొంటాము గదా."

"గురక వినబడుతోందంటే గాలి కొంచెమైనా పోతోందన్నమాటే పెద్దమ్మా. అది సడన్‌గా ఆగిపోయి అంతా సైలెంట్ అయిపోతుంది చూడండి, అప్పుడు భయపడాలి. అప్పుడు ఊపిరి ఆడట్లేదని."

బస్సులో అత్త కొడుకు పక్కనే కూచుని, ఇల్లు చేరేదాకా అతని ఛాతీ వంకే చూస్తూ ఉంది.

కత్తి పట్టనని మేనేజరుకు చెప్పమని మా ఆయనతో అన్నాను. చెప్పానన్నాడు. నాకు నమ్మకం కుదరలేదు. పగలు మెట్ల మీద ఎవరి అడుగుల చప్పుడు వినిపించినా, ఫ్యాక్టరీ నుంచి ఏం కబురు తెచ్చారోనని తలుపు దగ్గరికి పరిగెత్తేదాన్ని. ఇక రాత్రిళ్ళు కాపలా మా అత్తే తీసుకుంది. ఎంత చెప్పినా వినకుండా కొడుకు తలాపున పీట వేసుకుని కూచునేది. గురక ఆగితే చాలు, "మోహనా, లెయ్ నాయనా" అని కుదిపి లేపేది. పొద్దున చూస్తే ఆమె కళ్ళు ఎర్రగా వాచి ఉండేవి. క్లిప్పు పాడుచేశానన్న బాధ కాబోలు అనుకున్నాను.

కొత్త క్లిప్పు వచ్చింది. మర్నాడు నేను లేచి వంటింట్లోకి వెళ్ళేసరికి అత్త తూము దగ్గర కూచుని, చెంబుతో చన్నీళ్ళు పోసుకుంటూ ఆ క్లిప్పును కడుగుతోంది. పళ్ళ గుంటల్లో వేలు పెట్టి మరీ తోముతోంది. నాకు నవ్వొచ్చింది.

"ఎంగిలి కదత్తా?"

ఆమె తలెత్తలేదు.

"మీ మామ గుర్రుకు నాకు నిద్దరుండేది లేదు మే. నడుమ నడుమ నిలుస్తా ఉండె. నిలిస్తే, అమ్మయ్య, ఇంక పండుకోవచ్చని కండ్లు మూస్తా ఉంటి." చెంబు కింద పెట్టింది. "ఆయన పోయిన రాత్రి గూడా అట్లే నిలిచె. నేను హాయిగా నిద్దరపోతి."

క్లిప్పును కొంగుతో తుడిచి, డబ్బాలో వేసి, తీసుకెళ్ళి కంచాల పక్కన పెట్టింది.