ఒరిగిన గుమ్మం

"కుదరదని ఇప్పుడే ఫోన్ చేసి చెప్పెయ్యి నాన్నా," అన్నారు మావారు మూడోసారి.

"వాళ్లింటి ఎనిమిది గుమ్మాలకీ పట్టీలు వేస్తానని మాట ఇచ్చానురా," అన్నారు మామగారు. అదీ మూడోసారే.

ఇద్దరి మధ్యా మా వంటింటి గుమ్మం. దాని చుట్టూ మామగారు పొద్దున్నే కొత్త చెక్కపట్టీలు బిగించారు. నిలువు పట్టీ, అడ్డ పట్టీ కలిసే పైమూలలో వేలిగోరు దూరేంత సందు. నలభై ఏళ్ల వడ్రంగంలో ఆయన సందు వదలడం ఎవరూ చూడలేదు.

"చూశావా?" అన్నారు మావారు. "నీకు కళ్లు ఆనడం లేదు. మనింట్లో అయితే పుట్టీ కొట్టి మూసేస్తాం. పరాయివాళ్లింట్లో నవ్వులపాలవుతాం."

పొయ్యి దగ్గర నుంచి అత్తయ్య అందుకున్నారు. "పెన్సిల్ గీత కనిపించదు గానీ, నేను ఊడ్చని మూల మాత్రం వీధిలోంచే కనిపిస్తుంది ఈయనకి!"

మామగారు చెయ్యి చాపి సందు మీద బొటనవేలు పోనిచ్చారు.

"కోత సరిగ్గానే ఉంది. గుమ్మమే ఒరిగింది. ఇలాంటి మూలకి కాగితం మడిచి కొలుచుకోవాలి. మడత నాకు కనిపించదని మామూలు మూలకి కోసినట్టే కోసేశాను."

నేను గుమ్మం దగ్గరికి వెళ్లాను.

"నేను మడుస్తాను, చెప్పండి మామయ్యా," అన్నాను.

పొద్దున బిగించిన పట్టీలు ఊడదీశాం. ఆయన చెబుతుంటే కాగితం మూలకి పెట్టి, గుమ్మం అంచులు రెండూ అచ్చుపడేలా వేలితో నొక్కాను. ఒక అచ్చు మీదికి రెండోది వచ్చేలా మడిచాను. మధ్యలో పడిన మడతే కోత గీత. దాన్ని చెక్క మీదికి దించాక రంపం నా చేతికిచ్చారు.

మొదటి ముక్క కోస్తుంటే రంపం గీత దాటిపోయింది.

"పోనీలే తల్లీ, చెక్కే కదా. రంపాన్ని తొయ్యకు. బరువు వెయ్యకుండా లాగు."

పెళ్లయిన పదకొండేళ్లలో ఈ ఇంట్లో నా చేతికి గరిటె ఇవ్వని వాళ్లు లేరు. రంపం ఇచ్చింది ఆయనొక్కరే, అదీ ఒక పట్టీ పాడుచేశాక మళ్లీ. ఆ మేలు ఎలా చెప్పుకోవాలో తెలియక రెండోదాన్ని మెల్లగా, ఊపిరి బిగబట్టి కోశాను.

రెండు పట్టీలూ ఆనించి మేకులు కొట్టాక ఆయన మూలంతా తడిమారు. మళ్లీ తడిమారు.

"అతుకు ఎక్కడుందమ్మా?" అన్నారు.

మధ్యాహ్నం అందరూ భోజనానికి కూర్చున్నాక, మావారికి మంచినీళ్లు పోస్తూ చెప్పాను.

"రేపు మామయ్యతో పనికి నేనూ వెళ్తున్నాను. ఎనిమిది గుమ్మాలూ అయ్యేదాకా మధ్యాహ్నం పూట మా కోసం చూడకండి."